ఎజెండాలో నాలుగో అంశం

మా కన్వీనర్‌గారు తనకు తానే ఉత్తరాలు రాసుకునేవారు. వాటిని టైపు చేసే పని నాది. పైన వేదిక పేరు, కింద ఆయన సంతకం, మధ్యలో "గౌరవనీయులైన డీన్‌గారికి" అంటూ మళ్ళీ ఆయనకే సంబోధన. కవరు మీద ఆయన యూనివర్సిటీ చిరునామా రాసి, స్టాంపు అంటించి, నారాయణగూడలో తపాలా డబ్బాలో నేనే వేసి వచ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఆయన ఆఫీసుకు వచ్చి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని అడిగేవారు.

"మా యూనివర్సిటీ నుంచి జవాబేమన్న వచ్చిందా అమ్మా?"

"రాలేదు సార్."

"రిమైండర్ పెట్టున్రి. జర గట్టిగ పెట్టున్రి. ఇట్లయితే ఎట్ల?"

నేను గట్టిగా పెట్టేదాన్ని. ఆయన చదివి, ఒక మాట ఇంకా గట్టిగా మార్చి, సంతకం చేసేవారు. ఆ ఉత్తరం వెళ్ళి యూనివర్సిటీలో ఆయన బల్ల మీదే పడేది.

ఎవరికి చెప్పినా నవ్వేవారు. మా ఆయనైతే సుల్తాన్ బజార్‌లో తను పనిచేసే బట్టల దుకాణంలో అందరికీ చెప్పి నవ్వించాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ ఉత్తరాల మధ్య మా ఆడబిడ్డ పీహెచ్‌డీ ఇరుక్కుని ఉంది.

ముందు ఆ వేదిక ఏమిటో చెప్పాలి. ప్రతి యూనివర్సిటీలోనూ పీహెచ్‌డీ వ్యవహారాలు చూసే పెద్ద ఒకరుంటారు. కొన్నిచోట్ల డీన్ అంటారు, కొన్నిచోట్ల డైరెక్టర్. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరికి ఏ గైడు, థీసిస్ ఏ పరీక్షకుడికి పంపాలి, ఇవన్నీ వారి చేతిలో ఉంటాయి. రాష్ట్రంలోని అలాంటి పెద్దలందరూ కలిసి, మన తలనొప్పులన్నీ ఒకటే కదా, ఒకరి అనుభవం ఒకరికి పనికొస్తుంది కదా అని ఒక వేదిక పెట్టుకున్నారు. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. దానికి నారాయణగూడ సందులో, పరుపుల దుకాణం మీద, ఒక గది కిరాయికి తీసుకున్నారు. కింద దూది ఏకుతుంటే అది గాలికి లేచి కిటికీలోంచి వచ్చి మా ఫైళ్ళ మీద వాలేది. ఏ ఫైలు ఎన్నాళ్ళుగా కదలలేదో దాని మీది దూది చూసి చెప్పవచ్చు.

నేను అక్కడ చేరింది 2010లో. ఇంటర్ దాకా చదివాను. తరువాత పెళ్ళయి అశోక్‌నగర్ వచ్చాను. నల్లకుంటలో టైపు, కంప్యూటరు నేర్చుకున్నాను. మిగతా చదువంతా చిక్కడపల్లి లైబ్రరీలో. ఈ మాట చెప్పడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. చరిత్ర, ఆరోగ్యం, న్యాయం, వంటలు, ఖగోళం, ఏ బీరువా ముందు నిలబడితే ఆ పుస్తకం. నోట్సు రాసుకునేదాన్ని కాదు. తల్లో ఉండేది ఉంటుంది, పోయేది పోతుంది. ఇంటి పని అయ్యాక వెళ్ళేసరికి కుర్చీలన్నీ నిండి ఉండేవి. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీ మీద నీళ్ళ సీసా పెట్టి టిఫిన్‌కు వెళ్ళేవారు. ఒకసారి పక్క కుర్చీ అబ్బాయి అడిగాడు.

"అక్కా, ఏ పరీక్షకు ప్రిపేరవుతున్నవ్?"

"దేనికీ లేదు తమ్మీ. ఊరికె చదువుతున్న."

"ఊరికెనా?"

రైల్లో టిక్కెట్టు లేకుండా ఎక్కిన మనిషిని చూసినట్టు చూశాడు. కుర్చీ దండగ అయిపోతోందని వాడి బాధ.

ఉద్యోగానికి వెళ్ళినప్పుడు కన్వీనర్‌గారు ఏం చదివావని అడిగితే, "ఇంటర్ సార్, మిగిలింది లైబ్రరీల" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, "మా స్కాలర్లు గూడ గట్ల చదివితే బాగుండు" అని మరునాటి నుంచే రమ్మన్నారు. మంచి మనిషి. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక ముందు చెప్పేదంతా ఆయన మీద విసుగే.

మా ఆడబిడ్డ మాతోనే ఉండేది. హిమాయత్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, కన్వీనర్‌గారి యూనివర్సిటీలోనే పీహెచ్‌డీ చేస్తోంది. పాలమూరు నుంచి వచ్చి మన బస్తీల్లో ఉంటూ ఇళ్ళు కట్టే పనికి పోయే ఆడవాళ్ళ మీద ఆమె పరిశోధన. పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర నిలబడి వాళ్ళతో మాట్లాడి, వాళ్ళతోపాటు ఆటోలో పని దగ్గరికి వెళ్ళి, ఎండలో కూర్చుని రాసుకుని వచ్చేది. ప్రతి అధ్యాయం మొదట చదివేది నేనే. "ఇది నాకు అర్థం కాలె" అని నేనంటే కోపం తెచ్చుకుని, మళ్ళీ రాసేది. అలా థీసిస్ మొత్తం అయింది. ఆఖరి అధ్యాయం మాత్రం దిద్దవలసి ఉండగా ఆమె గైడు రిటైరయ్యారు.

గైడు రిటైరైతే, సర్వీసులో ఉన్న ఇంకొకరు గైడుగా సంతకం పెడితే తప్ప థీసిస్ తీసుకోరు. ఆమె డిపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళందరికీ స్కాలర్లు నిండిపోయి ఉన్నారు. ఒక జిల్లాలో ఉన్న ఇంకో యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్‌కు ఈ విషయం బాగా తెలుసు. ఆయన సరేనన్నారు. వేరే యూనివర్సిటీ గైడు కావాలంటే రెండు యూనివర్సిటీల డీన్లూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టాలి. అంతే. మా ఆడబిడ్డ సీనియర్ ఒకామెకు అలాగే చేశారు. ఒక అర్జీ, రెండు సంతకాలు, వారంలో అయిపోయింది.

మా ఆడబిడ్డ అర్జీ తీసుకుని తన డీన్ దగ్గరికి, అంటే మా కన్వీనర్‌గారి దగ్గరికే వెళ్ళింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, సంతోషంగా తలెత్తారట.

"నీ ఒక్కదాని కేసే ఎందుకమ్మా? ఇట్లాంటోళ్ళు అన్ని యూనివర్సిటీలల్ల ఉన్నరు. అందరికీ కలిపి ఒక విధానం తెద్దాం. వేదికల పెడ్త."

మరునాడు ఆఫీసుకు వచ్చి నాకు చెప్పి టైపు చేయించారు. ఎజెండాలో నాలుగో అంశం: ఒక యూనివర్సిటీ స్కాలర్‌కు మరో యూనివర్సిటీ గైడును అనుమతించే ఉమ్మడి విధానం. టైపు చేస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉందంటే, ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకుని ఇంటికి వెళ్ళాను. మా ఇంటి పిల్ల వల్ల రాష్ట్రంలో స్కాలర్లందరికీ మేలు జరగబోతోందని మా ఆయనతో చెప్పాను.

"మేలు తర్వాత. దీనికి సంతకం పెట్టిండా?" అన్నాడు ఆయన, బిస్కెట్టు చాయలో ముంచుతూ.

"విధానం వచ్చినంక పెడ్తడు."

"విధానం ఎప్పుడొస్తది?"

"వచ్చే మీటింగుల."

వచ్చే మీటింగు తెలంగాణ బందు వల్ల వాయిదా పడింది. ఆ తరువాతి మీటింగు నాటికి క్యాంపస్‌లు మూసి ఉన్నాయి. ఆ రోజుల్లో అది ఎవరి తప్పూ కాదు, రోడ్డు మీద బస్సులే తిరగని రోజులు. కాని మీటింగు జరిగిన రోజుల్లో ఏం జరిగిందో కూడా నేను చూశాను.

మీటింగంటే ముందు శాలువాలు. డీన్ పదవి రెండేళ్ళ ముచ్చట. అందుకని ప్రతి మీటింగుకు కొందరు కొత్తగా వచ్చేవారు, కొందరు దిగిపోయేవారు. వచ్చేవారికి శాలువా, పోయేవారికి శాలువా. మా అధ్యక్షులవారు కోస్తాలోని యూనివర్సిటీ డీన్, చాలా మర్యాదస్తులు. శాలువా కప్పాక ఆ మనిషి గురించి రెండు మాటలు చెప్పకుండా వదిలేవారు కాదు. కప్పించుకున్నవారు తిరిగి రెండు మాటలు చెప్పేవారు. మొదటి అంశం గత మీటింగు మినిట్స్ ఆమోదం. అందులో ఎవరి పేరు ముందు ఎవరి పేరు వెనక వచ్చిందో సవరణలు. రెండు, మూడు అంశాలు అయ్యేసరికి వెనక బల్లల మీద వంటల మూతలు తీసే చప్పుడు వినపడేది. నాలుగో అంశం ఎప్పుడూ భోజనానికి ముందు వచ్చేది.

ఒకసారి మాత్రం నిజంగానే చర్చించారు. నేను మూల కూర్చుని రాసుకుంటున్నాను. స్కాలర్ ఒక యూనివర్సిటీ, గైడు ఇంకో యూనివర్సిటీ అయితే, ఆ పీహెచ్‌డీ ఎవరి లెక్కలోకి వస్తుందని ఒకరడిగారు. యూనివర్సిటీకి గ్రేడు ఇవ్వడానికి వచ్చే బృందం ఎన్ని పీహెచ్‌డీలు ఇచ్చారని అడుగుతుందట. మాదంటే మాదని వాదన మొదలైంది. సగం సగం వేసుకుందామని ఒకరన్నారు. సగం పీహెచ్‌డీ ఎలా చూపిస్తామని ఇంకొకరన్నారు. ఇదంతా వింటుంటే నాకు మా ఆడబిడ్డ ఎండలో ఇటుకల కుప్ప మీద కూర్చుని రాసుకునే దృశ్యం కళ్ళ ముందు మెదిలింది. ఆమెలో ఏ సగం ఈ యూనివర్సిటీది, ఏ సగం ఇంకోదానిది?

"అన్ని యూనివర్సిటీల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుందామండీ" అని అధ్యక్షులవారు ముగించారు. అందరూ లేచి ప్లేట్లు అందుకున్నారు.

అలా మొదలయ్యాయి ఆ ఉత్తరాలు. డీన్లందరూ ఆ గదిలోనే ఉన్నారు. అభిప్రాయం నోటితో చెప్పవచ్చు. కాని వేదికలో వాళ్ళు సభ్యులుగా కూర్చున్నారట, డీన్‌లుగా అభిప్రాయం చెప్పాలంటే ఫైలు మీదే చెప్పాలట. సభ్యుడిగా పప్పు వడ్డించుకుంటున్న మనిషికి, డీన్‌గా ఊళ్ళో అందేట్టు నేను ఉత్తరం రాయాలి.

కొన్ని యూనివర్సిటీలు జవాబిచ్చాయి. కొన్ని, వేరేవాళ్ళు ఏం చెప్పారో తెలిపితే మేం చెబుతామన్నాయి. అసలు జవాబే ఇవ్వనిది కన్వీనర్‌గారిది. ఒకరోజు ఇక ఆగలేక అడిగేశాను.

"సార్, మీ యూనివర్సిటీ జవాబు మీరే ఇయ్యాలె గద."

"డీన్‌గ నేనే ఇయ్యాలె. కరెక్టే. కాని వచ్చిన ఉత్తరాలన్నీ సెక్షన్‌కు పంపిన, డీన్ దగ్గరికి ఫైల్ కింది నుంచి రావాలె గదమ్మా. సెక్షన్ల ఉన్నది."

"మీరు సెక్షన్‌కు ఫోన్ చేసి తెప్పించుకోరాదా?"

"తెప్పించుకుంటె సారుకు ఇంటరెస్ట్ ఉన్నదంటరు. అంశం పెట్టింది గూడ నేనే. బాగుంటదా?"

"మరి కన్వీనర్‌గ మీరే అడుగుతున్నరు."

"అడుగుతున్న. నా పని నేను చేస్తున్న. చూస్తున్నవ్ గద, ఎన్ని రిమైండర్లు పెట్టిన."

ఆయన ముఖంలో వేళాకోళం ఏమీ లేదు. తన యూనివర్సిటీ జవాబివ్వనందుకు ఆయనకు నిజంగానే కష్టంగా ఉంది.

ఈలోగా మా ఆడబిడ్డ ఊరికే లేదు. విధానం సంగతి తరువాత చూడండి, పాత పద్ధతిలో నా కేసు చేసెయ్యండి అని యూనివర్సిటీకి వెళ్ళి డీన్‌గారినే అడిగింది. సాయంత్రం వచ్చి చెప్పులు విడిచి గడప మీదే కూర్చుంది.

"ఏమన్నరు?" అన్నాను.

"మీ వేదికల ఉన్నదంట."

"వేదికల ఉన్నదని నాకు తెల్వదా? నేనే టైప్ చేసిన."

"విధానం వస్తున్నప్పుడు విడిగ ఒక్క కేసు చేస్తె రేపు ఎవడన్న ఆర్టీఐ పెడ్తడంట. ఇంతకు ముందైతే సంతకం పెట్టేటోన్నే, ఇప్పుడు అంశం పెండింగ్ ఉన్నది, నా చేతులు కట్టేసినట్టయింది అన్నడు. కట్టింది ఎవరు వదినె? ఆయననే గద."

అవతలి యూనివర్సిటీ డీన్‌కు ఫోన్ చేసింది. మీ డీన్ పెట్టిన రోజు నేను పెడతానని ఆయన అన్నారు. అంటే వేదిక ఆ అంశాన్ని చేతిలోకి తీసుకోకముందు వారంలో అయ్యే పని, తీసుకున్నాక ఎవరికీ కాకుండా పోయింది. ఆమె రిజిస్ట్రేషన్ గడువు ఒకసారి పొడిగించారు. ఆ కాగితం మీద ఇదే చివరి పొడిగింపు అని స్పష్టంగా ఉంది. 2014 ఎండాకాలం దాటితే రద్దు. రద్దయితే ఇన్నేళ్ళ పనీ లెక్కలోకి రాదు. మళ్ళీ ప్రవేశ పరీక్ష, మళ్ళీ మొదటి నుంచి.

అడ్డా దగ్గర ఆమె కలిసే ఆడవాళ్ళు ఆమెను మరచిపోలేదు. ఒకరోజు మేమిద్దరం అశోక్‌నగర్‌లో కూరగాయలు కొంటుంటే ఒకామె తలమీద చుట్టగుడ్డతో ఎదురై ఆగింది.

"ఏం మేడమ్, మా ముచ్చట పుస్తకమయ్యిందా?"

"అయింది. ఇంక సంతకం పెట్టలేదు."

"గింతనా? నువ్వు మాతోని మాట్లాడినప్పుడు ఆడ పునాది తవ్వుతున్నం. ఇప్పుడు ఆ ఇంట్ల లిఫ్టు గూడ పెట్టిన్రు."

ఆమె నవ్వుతూ వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. అంశం వేదికలో ఉండటమే అడ్డమైతే, దాన్ని వేదికలోంచి తీసేయిస్తే సరి. ఎలా తీసేస్తారు? లైబ్రరీకి వెళ్ళాను. సభలు, సంఘాలు ఎలా నడపాలో చెప్పే పుస్తకాలు వెతికాను. న్యాయశాస్త్రం బీరువా అడుగు అరలో, ఎవరూ ముట్టని ఒక లావుపాటి పుస్తకం దొరికింది. కొన్ని సాయంత్రాలు కూర్చుని చదివాను. పక్కన పరీక్షల పిల్లలు మొదటిసారి నన్ను గౌరవంగా చూశారు, ఏదో పెద్ద పరీక్షకే చదువుతున్నాననుకుని. చివరికి కావలసిన వాక్యం దొరికింది. ప్రతిపాదించినవారు, నిర్ణయం జరగకముందు, సభ అంగీకారంతో ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు. ప్రతిపాదించింది కన్వీనర్‌గారే. ఆయన ఒక్క మాటంటే చాలు.

మరునాడు ఆయనకు చెప్పాను. ఆయన ఎంతో ముచ్చటపడ్డారు.

"శెభాష్. ఎక్కడ చదివినవ్?"

"చిక్కడపల్లి లైబ్రరీల సార్."

"చూడు, మా ఎవ్వరికీ తట్టలె. వచ్చే మీటింగుల నేనే చెప్త."

చెప్పారు కూడా. పుస్తకంలోని వాక్యం చదివి వినిపించి, మా ఆఫీసమ్మ లైబ్రరీలో వెతికి తెచ్చిందని నా వైపు చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ ఒక శాలువా కప్పుతారేమోనని భయమేసింది. అప్పుడు అధ్యక్షులవారు మైకు దగ్గరకు జరిగారు.

"చాలా మంచి సూచనండీ. అయితే మన నిబంధనల్లో ఉపసంహరణ అనే మాటే లేదు. ఇవాళ ఒకటి ఇలా తీసేస్తే రేపు ప్రతివారూ తీసేస్తామంటారు. ముందు ఉపసంహరణకు ఒక పద్ధతి పెట్టుకుందాం. ముగ్గురితో ఒక సబ్‌కమిటీ వేద్దామండీ."

వేశారు. ఆ సబ్‌కమిటీకి కూడా కన్వీనర్ మా కన్వీనర్‌గారే. ఎజెండాలో అది తొమ్మిదో అంశమైంది.

ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆడబిడ్డ గ్లాసులో నీళ్ళు తాగుతూ మధ్యలో ఆపింది.

"ఒక్క అంశం ఉండె. ఇప్పుడు రెండయినయ్."

"నేను మంచికే..."

"తెలుసు వదినె. నువ్వు కొన్నొద్దులు లైబ్రరీకి పోకు."

మా ఆయన గోడ వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. నిజంగానే కొన్నాళ్ళు లైబ్రరీ వైపు వెళ్ళలేదు కూడా. పుస్తకాల మీద కోపం కాదు. ఆ పుస్తకం రాసినాయన ప్రపంచంలో సభ అంటే నిర్ణయం చెయ్యడానికి కూర్చునేది. అది చదివి నేను నారాయణగూడకు తెచ్చాను.

ఉద్యోగం మానేస్తానని కూడా అన్నాను. మా ఆడబిడ్డ వద్దంది. "నువ్వు ఆడ ఉంటెనే అంశం ఏడున్నదో తెలుస్తది" అంది. అదీ నిజమే. సబ్‌కమిటీ కూర్చోలేదు. ముగ్గురిలో ఒకరు డీన్ పదవి దిగిపోయారు. ఆయన స్థానంలో ఎవరనేది మరో అంశమైంది. మా కన్వీనర్‌గారు మాత్రం దిగలేదు. ఆయన యూనివర్సిటీలో కొత్త వీసీ రాక, ఉన్నవారినే కొనసాగించమన్నారు. డీన్లు చాలామంది మారిపోతుంటే, అధ్యక్షులవారిలాగే ఆయనా పొడిగింపు మీద రెండు కుర్చీల్లోనూ ఉండిపోయారు.

2014 వచ్చింది. రాష్ట్రం రెండయింది. అన్నిటితోపాటు వేదిక కూడా రెండు కావాలన్నారు. హిమాయత్‌నగర్‌లో ఒక హోటల్ హాల్లో ఆఖరి ఉమ్మడి మీటింగు పెట్టారు. మా ఆడబిడ్డ గడువు అప్పటికి బాగా దగ్గర పడింది. థీసిస్ బైండింగు చేయించి ఇంట్లో అలమరలో పెట్టుకుంది. ఆ పొద్దున నేను బయల్దేరుతుంటే టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "హోటల్ల పెడ్తరు గద, మర్చిపోయిన" అని తిరిగి తీసుకుంది.

ఆ మీటింగు మిగతావాటికన్నా బాగా జరిగిందనే చెప్పాలి. కలిసి పనిచేసినవాళ్ళు విడిపోతున్నారు. కొందరు ఒకరినొకరు కావలించుకున్నారు. తరువాత పంపకాలు మొదలయ్యాయి. మైకు సెట్టు ఎవరికి, బీరువా ఎవరికి. బీరువా మెట్లు దింపడం కష్టం కాబట్టి హైదరాబాద్‌లోనే ఉండనిమ్మన్నారు. మైకు సెట్టు అటు వెళ్ళింది. మిగిలిన శాలువాలు చెరిసగం. అది మాత్రం ఎవరూ వాదించుకోకుండా అయింది.

ఆఖరున అధ్యక్షులవారు కాగితాలు తిరగేశారు.

"పెండింగ్ అంశాలున్నాయండీ. నాలుగు, తొమ్మిది. ఇవి ఎటు?"

కన్వీనర్‌గారు గొంతు సవరించుకున్నారు.

"రెండు వేదికలకూ చెందుతయ్ సార్."

"రెండింటికీ ఎలాగండీ? వచ్చిన జవాబులు మాకా, మీకా? మీవైపు యూనివర్సిటీల జవాబులు మేమేం చేసుకుంటాం?"

"అయితే కాపీలు తీసి చెరొక సెట్టు..."

రెండు సెట్లంటే, నాలుగో అంశం రెండు చోట్ల పెండింగు. వెనక మూతలు తీసే చప్పుడైంది. బిర్యానీ వాసన వచ్చింది. జీవితంలో ఏ వాసనా నాకు అంత ఆశ కలిగించలేదు. అధ్యక్షులవారు ఒకసారి వెనక్కి చూశారు.

"ఎందుకండీ ఈ గొడవ. కొత్త వేదికలు, కొత్తగా మొదలుపెట్టుకుందాం. పాత అంశాలు లేవని రాసెయ్యండి. ఏమంటారు?"

అందరూ లేచారు. నేను రాశాను. పెండింగులో ఉన్న అంశాలు: లేవు. మామూలుగా మినిట్స్ టైపు చేసి వారం తరువాత సంతకాలకు పంపేదాన్ని. ఆ రోజు చేతిరాతతోనే ఉన్న కాగితాలు పట్టుకుని వెళ్ళాను. అధ్యక్షులవారు చేతులు కడుక్కోబోతుంటే పట్టుకున్నాను. తరువాత కన్వీనర్‌గారి వెనక వరుసలో నిలబడ్డాను. ఆయన ఒక చేతిలో ప్లేటు, రెండో చేతిలో గరిటె.

"సంతకం సార్."

"తిన్నంక పెడ్తనమ్మా."

"తిన్నంక అందరూ పోతరు సార్. మళ్ళ ఉత్తరాలు రాయాల్సొస్తది."

ఆ మాట పనిచేసింది. ప్లేటు నాకిచ్చి, నా పెన్నుతో, గోడకు కాగితం ఆనించి సంతకం పెట్టారు. నేను ఆ ప్లేటు పట్టుకుని ఆ సంతకం చూస్తూ నిలబడ్డాను. నన్నూ తినమన్నారు. తినబుద్ధి కాలేదు. దారిలో జిరాక్స్ తీయించి ఇంటికి వచ్చాను.

మరునాడు మా ఆడబిడ్డ అర్జీ, ఆ జిరాక్స్ కాపీ పట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతు వింటే ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"పెట్టిండు వదినె."

"పెట్టిండా?"

"అర్జీ చదివిండు. పెండింగ్ ఏం లేదు గద అన్నడు. పెట్టిండు. రెండు నిమిషాలు గూడ పట్టలె. పెట్టి ఏమన్నడో తెలుసా?"

"ఏమన్నడు?"

"గడువు గింత దగ్గరికొచ్చేదాంక ఏం చేసినవమ్మా, జర ముందు రావాలె గద అన్నడు."

నేను ఫోన్ పట్టుకుని కిటికీలోంచి చూశాను. కింద పరుపుల దుకాణంలో దూది ఏకుతున్నారు. అవతలి డీన్ మాట నిలబెట్టుకున్నారు. ఆయనా సంతకం పెట్టారు. గడువులోపల థీసిస్ సబ్మిట్ అయింది. ఆమె మొదట ఆ వార్త చెప్పింది అడ్డా దగ్గరి ఆడవాళ్ళకు. వాళ్ళు పుస్తకం తెచ్చి చూపించమన్నారట. చూపించింది. ఎవరో దాన్ని చేతిలో తూచి, బరువు బాగానే ఉందన్నారట.

కొన్నాళ్ళకు కొత్త వేదిక మొదలైంది. అదే గది, అదే బీరువా, అదే కన్వీనర్‌గారు. బోర్డు మాత్రం కొత్తది. మొదటి మీటింగు సోమవారం పెట్టుకున్నారు. శుక్రవారం ఆయన ఉత్సాహంగా మెట్లెక్కి వచ్చారు.

"మొదటి మీటింగుల పిల్లలకు పనికొచ్చేది ఏదన్న పెట్టాలమ్మా. ఇంకో యూనివర్సిటీ గైడ్ సంగతి చూడు, చానమంది పరేషాన్ అయితున్నరు. ఒక్కొక్క కేసు ఎన్నని చూస్తం? ఒక ఉమ్మడి విధానం తెద్దాం. మొదటి అంశంగనే పెట్టు."

నేను ఆయన ముఖం చూశాను. పాత సంగతి ఏదీ ఆయనకు గుర్తున్నట్టు లేదు. లేదా గుర్తుండి, ఈసారి సరిగ్గా జరుగుతుందని నమ్మకం కావచ్చు. నేను టైపు చేశాను. ఉద్యోగం అది.

ఆయన వెళ్ళాక బయట వరండాలో ఒకమ్మాయి నిలబడి ఉంది. జిల్లా నుంచి వచ్చిందట. గైడు వేరే యూనివర్సిటీకి మారిపోయారు, ఇక్కడ అడిగితే సాయం దొరుకుతుందని ఎవరో పంపారు. చేతిలో అర్జీ ఉంది. లోపలికి వచ్చి కూర్చోవచ్చా అని అడిగింది.

"కూసోకు. మీ డీన్ ఇయ్యాల ఆఫీసుల ఉన్నరా?"

"ఉన్నరక్కా."

"ఇప్పుడే బస్సెక్కు. ఆఫీస్ మూసేలోపల సంతకం పెట్టించుకో. రేపు సెలవు, ఎల్లుండి ఆదివారం."

"సోమవారం మీ మీటింగ్ ఉన్నదంట గదా అక్కా. అండ్ల చెప్తె మంచిగుంటదేమో అనుకున్న."

"అందుకే చెప్తున్న. సోమవారం లోపల పెట్టించుకో."

ఆమెకు అర్థం కాలేదు. కాని నా గొంతు విని కదిలింది. మెట్లు దిగుతున్న చప్పుడు పూర్తిగా ఆగేదాకా విని, ఎజెండా ప్రింటు తీసి, సోమవారం చేతికివ్వడానికి కవర్ల మీద డీన్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. మొదటి కవరు మా కన్వీనర్‌గారికే.